జీరో టికెట్టు, జీరో జేబు

ప్రయాణానికి ఎలాంటి ప్యాంటు వేసుకోవాలో చెప్పే పండితులకు కొదవ లేదు. ముడతలు పడనిది కొనుక్కోమంటారు. తడిసినా గంటలో ఆరిపోయేది ఉత్తమమంటారు. మోకాలి దగ్గర జిప్పు లాగితే నిక్కరుగా మారే ప్యాంటు మరీ శ్రేష్ఠమట. ఈ పండితుల్లో ఒక్కరినైనా పొద్దున్నే మహబూబాబాద్ బస్టాండులో పల్లెవెలుగు బస్సు ఎక్కించాలి. చంకన పిల్లను పెట్టి, ఒక మోచేతికి సంచి తగిలించి, మిగిలిన చేత్తో పైరాడ్ పట్టుకోమనాలి. సరిగ్గా అప్పుడు కండక్టర్ చేత 'ఆధార్ తియ్యమ్మా' అనిపించాలి. బట్ట గుణగణాల మీద ప్రవచనం అక్కడితో ఆగిపోతుంది. చెయ్యి దానంతటదే జేబు కోసం వెతుకుతుంది.

దొరకదు. ఆడవాళ్ల ప్యాంటు కదా!

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం; చేతికిచ్చేది సున్నా రూపాయల 'జీరో టికెట్టు'. 2025 జులైలో జీరో టికెట్లు 200 కోట్లకు చేరాయని సర్కారు సంబరాలు చేసింది. రైలు కూత వినపడని భూపాలపల్లిలో బస్సే దిక్కు కాబట్టి, అక్కడి ఆడవాళ్లకు ఇది నిజమైన మేలే. షరతులున్నాయి: ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపించాలి, ఫోన్‌లో ఫొటో చెల్లదు. ఇచ్చిన టికెట్టును దిగేదాకా భద్రంగా ఉంచుకోవాలి. అంటే ప్రతి మహిళ దగ్గరా కార్డు, టికెట్టు, ఫోను, కాసింత చిల్లర ఉండాలి. ఈ నాలుగింటికీ లెగ్గింగ్‌లో కేటాయించిన స్థలం సున్నా. టికెట్టుకు ఈడైన జోడీ.

జనగామలో ఏ టైలర్ దగ్గరికైనా వెళ్లి డ్రెస్ ప్యాంటుకు జేబు పెట్టమని అడిగి చూడండి. మెడలో టేపు సవరించుకుంటూ ఆయన మనల్ని జాలిగా చూస్తాడు.

"జేబు పెడితే ఫిట్టింగ్ ఖరాబైతదక్కా."

"మరి మగోళ్లకు పెడ్తున్నవ్ గదా అన్నా?"

"వాళ్లకు ఫిట్టింగ్ ఏడిదక్కా!"

ఇంత నిజాయితీ గల జవాబు శాసనసభలో కూడా దొరకదు. మగాడి నడుము ఎటు పెరిగినా లోకం సర్దుకుంటుంది. అందుకే అతని ప్యాంటుకు పక్కల రెండు కీసలు, వెనక రెండు, దొంగలకు అందకుండా బెల్టు కింద ఇంకో చోర్ కీస. ఆడదాని నడుము మాత్రం గీత గీసినట్టుండాలి. ఆ గీత చెడుతుందని జానెడు గుడ్డకు కరువొచ్చింది. ఆ జానెడూ కత్తిరింపులో మిగిలే పీలికల్లోనే వెళ్తుందని టైలరుకు తెలియంది కాదు. ఇక లెగ్గింగ్ అమ్మే దుకాణం లెక్క ఇంకా ముచ్చటైనది. కింది అరలో జేబు లేని ప్యాంటు, పై అరలో హ్యాండ్‌బ్యాగు. ఒకటి కొన్న పాపానికి రెండోది కొని తీరాలి.

ఇంతా చేసి మగాళ్లు ఆ కీసలతో ఏం ఉద్ధరిస్తున్నారు? ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాడి ఆరు కీసల కార్గో ప్యాంటును సోదా చేయండి. ఒక దువ్వెన, ఒక పొట్లం బయటపడతాయి. ఫోను ఎలాగూ చేతిలోనే ఉంటుంది. పక్కనున్న వాడి జీన్సు ఎంత బిగువంటే, సీటు దొరికినా కూర్చోలేడు. అందుకే 'సీట్లన్నీ ఆడోళ్లకే పాయె' అని నిట్టూరుస్తూ నిలబడే వస్తాడు. మేడారం జాతరకూ అదే జీన్సు. దాంతోనే జంపన్నవాగులో మునిగి లేస్తాడు. ఇక అమ్మలకు మొక్కిన తన నిలువెత్తు బంగారం (బెల్లం) తానే కాళ్లకు కట్టుకున్నవాడిలా గద్దెల దాకా ఈడ్చుకుంటూ నడుస్తాడు.

ఆ జీన్సు చరిత్ర వింటే ఆడవాళ్లకు ఒళ్లు మండుతుంది. అమెరికాలోని రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. ఒక కూలీ భార్య అతని దగ్గరికి వచ్చి, తన భర్త ప్యాంట్లు ఊరికే చిరిగిపోతున్నాయి, గట్టిగా కుట్టిపెట్టమంది. డేవిస్ జేబుల మూలలకు రాగి రివిట్లు కొట్టాడు. లెవీ స్ట్రాస్ అనే వర్తకుడితో కలిసి 1873 మే 20న పేటెంటు సంపాదించాడు. అడిగింది ఆడది, జేబు దక్కింది మొగుడికి. ఆ స్ట్రాస్ కంపెనీయే ఆడవాళ్ల కోసం జీన్సు తెచ్చింది 1934లో. జీన్సులో కుడివైపు జేబు లోపల ఇంకో బుల్లి జేబు ఉంటుంది చూడండి, అది గొలుసు గడియారం పెట్టుకోవడానికి కుట్టింది. గడియారం పోయి తరాలు గడిచినా దాని జేబు పోలేదు. ఫోను వచ్చి ఇన్నేళ్లయినా ఆడదానికి జేబు రాలేదు. వచ్చినచోట ఎలా ఉందో 2018లో 'ద పుడింగ్' అనే అమెరికా పత్రిక 20 బ్రాండ్ల జీన్సులు కొలిచి మరీ చెప్పింది. మగవాళ్ల ముందు జేబు కంటే ఆడవాళ్లది 48 శాతం పొట్టి. ఆడదాని చెయ్యి పూర్తిగా పట్టేవి నూటికి పది. మిగతావాటిలో గోళ్లు దాచుకోవచ్చు.

మన అవ్వలే నయం. గోచీ చీర కట్టినా రొండిన సంచి ఉండేది. ఆకు, వక్క, పైసలు, పొలం తగాదా కాగితం అన్నీ అందులోనే. తండాల్లో లంబాడా అవ్వల దగ్గర అద్దాలు కుట్టిన సంచులుండేవి. మనవరాలు ప్యాంటు వేసుకుని ఆధునికురాలయింది. టికెట్టును చున్నీ కొసన ముడేసుకుంటోంది, ఫోనును టాప్‌లో దోపుకుంటోంది.

అసలైన ప్రయాణపు దుస్తులు చూడాలంటే మహబూబాబాద్ వైపు మిర్చి ఏరడానికి పోయే ఆటో చూడాలి. చీర మీద మొగుడి పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా. ఎండ తగలదు, ఘాటు తగలదు, ఛాతీ మీద కీసలో ఫోను, ఆధార్ భద్రం. ఏ డిజైనరూ ఇవ్వని జేబును మొగుడి చిలక్కొయ్య మీంచి లాక్కున్న ఘనత కూలీ తల్లులది.

జేబు కన్నా ముందు చట్టమే మారింది. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి రానివ్వలేదు. 2019లో కేంద్రం ఆ తలుపు తీసింది. భూపాలపల్లి ఆడపిల్ల బొగ్గు బాయిలోకి దిగడానికి అనుమతి వచ్చింది గానీ, తన ప్యాంటు జేబులోకి చెయ్యి దిగడానికి ఇంకా రాలేదు.

సర్కారుకు దరఖాస్తు పెడితే కమిటీ వేస్తుంది. కాబట్టి నా మొర మహిళా సంఘాల అక్కలకే. 2024లో సర్కారు బడి పిల్లల యూనిఫాంల కుట్టుపని మీకు అప్పగించారు. కత్తెర మీ చేతిలో ఉంది, మిషను మీ కాలి కింద ఉంది. ఎవరి సంతకం కోసమూ ఆగకుండా ప్రతి ఆడపిల్ల బట్టలకూ చెయ్యి మణికట్టు దాకా దిగే జేబు కుట్టండి. జేబుంటే అందులో పైసలు పెట్టుకోవాలనిపిస్తుంది. పైసలుంటే లెక్క తెలుస్తుంది. లెక్క తెలిస్తే ఆ పిల్ల రేపు ఇంట్లోనూ, గ్రామసభలోనూ లెక్క అడుగుతుంది. టైలరన్న అన్నట్టు ఫిట్టింగ్ తప్పక ఖరాబవుతుంది, అయితే ప్యాంటుది మాత్రం కాదు.