ఒప్పుకోలు మాహాత్మ్యము

పలనాటి సీమలో నేడు సర్వరోగనివారిణిగా చెలామణి యగుచున్న మంత్రము ఒక్కటి కలదు. దానిని గురుముఖమున ఉపదేశము పొందవలసిన పనిలేదు; నరసరావుపేట మల్లమ్మ సెంటరులో టీకొట్టు కడ నిలుచున్నవారును, మాచర్ల బస్టాండులో ఆటో కొరకు వేచియున్నవారును, అడిగినను అడుగకపోయినను ఉచితముగా చెవిలో ఊదెదరు. లైసెన్సు లేకుండ బండి తోలుచు పట్టుబడినను, ఉన్న లైసెన్సునకు గడువు తీరిపోయినను, శిరస్త్రాణము నెత్తిపై గాక పెట్రోలు టాంకుపై ఊరేగుచుండగా ఫొటో తీయబడినను, ఊదించిన యంత్రము నిజము చెప్పివేసినను, తుదకు కోర్టు సమను ఇంటికి వచ్చి ఇల్లాలి చేతిలో పడినను, ఔషధ మొక్కటే: “ఏముందబ్బాయ్, లోక్ అదాలత్‌లో ఒప్పేసుకో, పోద్ది.” ఏది పోవునో, ఎంతవఱకు పోవునో, పోయినది మరల రాకుండునో లేదో ఈ వైద్యులలో ఒక్కరును చెప్పరు, వారికి తెలియదు, తెలిసికొను తీరిక లేదు, ఒప్పుకొనవలసినవాడు పరుడు గనుక అవసరమును లేదు.

జాతీయ లోక్ అదాలత్ జరుగు శనివారమునాడు, ఏ కోర్టని పేరు చెప్పను గాని, పలనాటి కోర్టులలో ఒకదాని ఆవరణలో పూటసేపు నిలిచినవానికి ఈ మంత్రసిద్ధి కన్నులార గోచరించును. వేపచెట్టు క్రింద బల్లపై పెట్టీ కేసుల కట్టను ముందుంచుకొని, ఊరిపేరును బండిపేరును కలిపి కోర్టు కానిస్టేబులు కేకలు వేయుచుండును: “రెంటచింతల ఆటో! దుర్గి ప్యాషను! బెల్లంకొండ టిప్పరు!” మనుష్యుల పేర్లు ఆనాడు అప్రధానములు. కనుబొమలపై పిడుగురాళ్ల సున్నపు పొడి యింకను రాలని టిప్పరు డ్రైవరును, మిరపకోతల నడుమ ఒక దినము పాడుచేసికొని వచ్చిన రైతును, తండ్రికి తెలియకుండ చేబదులు తెచ్చుకొన్న ఇంజనీరింగు విద్యార్థియు ఒకే వరుసలో నిలుతురు. లోపల సంభాషణము అతి సంక్షిప్తము. “తప్పు ఒప్పుకుంటున్నావా?” “ఒప్పుకుంటన్నానయ్యా.” ఏ తప్పని అడిగినవాడు లేడు, ఏ తప్పో తెలిసి ఒప్పుకొన్నవారును అరుదు.

ఆ వరుసలోనే, బండిని ఎన్నడో అమ్మివేసి, కొన్నవాడు తన పేరునకు మార్పించుకొనకపోగా, సి బుక్కులో తన పేరే మిగిలిపోయిన పాపమునకు సమను అందుకొన్న పెద్దమనిషి యొకడు నిలిచియుండెను. “ఆ రోజు నేను చేలో ఉన్నానయ్యా. ఆ బండి నాది కాదు, అమ్మేశా” అని ఆతడు నసుగగా, కానిస్టేబులు రవంతయు కోపము లేక, పరమ హితైషియై, “అదంతా చెప్పావంటే వాయిదాలు పడతయ్ పెద్దాయనా. వాయిదాకో రోజు పోద్ది. ఒప్పేసుకో, మధ్యాన్నం బస్సు కెల్లిపోవచ్చు” అని బోధించెను. పెద్దమనిషి లోపలికిపోయి, తాను తోలని బండిని, తాను లేని రోడ్డుపై, తనకు లేని తొందరతో తోలినట్లు ఒప్పుకొని, రసీదును నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకొని వెలుపలికి వచ్చెను. ఆతని ముఖమున విచారచిహ్న మేమియు లేదు. బస్సు అందునను సంతోషమే కానవచ్చెను. నిర్దోషియని నిరూపించుకొనుటకు వకీలు ఫీజును, గుమాస్తా ఖర్చును, ఎన్ని వాయిదాలో అన్ని దినముల కూలియు చెల్లవలసియుండగా, దోషినని ఒప్పుకొనుటకు ఒక్క జరిమానా చాలునేని, లెక్క తెలిసిన పలనాటి కాపు ఏది కొనునో వేఱుగ చెప్పవలెనా!

మరునాటి ప్రకటనలో ఆ పెద్దమనిషియు ఒక అంకె యగును. ఇన్ని వేల కేసులు ఒక్క దినమున పరిష్కృతములైనవనియు, రాజీమార్గమే రాజమార్గమనియు పత్రికలలో వచ్చును. రాజీ యనగా ఇరుపక్షము లుండవలెను గదా. పొలపు గట్టు తగవులో అన్నదమ్ములు రాజీపడుదురు. చెక్కు కేసులో అప్పిచ్చినవాడును పుచ్చుకొన్నవాడును రాజీపడుదురు. రోడ్డు ప్రమాదములో పెనిమిటిని పోగొట్టుకొన్న ఇల్లాలికి బీమా కంపెనీ ఏండ్ల తరబడి జాగుచేసిన పరిహారమును ఒక్క పూటలో ఇప్పించిన లోక్ అదాలతులును కలవు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము కోరిన ప్రయోజన మదియే. దానికి చేతులెత్తి మ్రొక్కుదును. కాని హెల్మెట్టు లేని కేసులో ఎవరికిని ఎవరికిని రాజీ కుదిరినట్లు? తలకును హెల్మెట్టునకునా? రాజీకి వీలులేని నేరముల జోలికి లోక్ అదాలత్ పోరాదని ఆ చట్టమే 19వ సెక్షనులో చెప్పుచున్నది. కావున తాగి తోలిన కేసులో ఆనాడు జరుగునది మేజిస్ట్రేటు ఎదుట నేరాంగీకారమే; పందిరి మాత్రము లోక్ అదాలత్‌ది. రాజీ మాటలాడ గురజాల కేగిన అలరాజు విషము పాలై తిరిగి రాలేదని వీరవిద్యావంతులు నేటికిని కారెంపూడిలో పాడుచున్న సీమలో, ఇన్ని వేల రాజీలు ఒక్క శనివారమున కుదురుట చూచిన బ్రహ్మనాయుడు తాను తప్పు శతాబ్దమున పుట్టితినని వగచునేమో.

ఇక “పోద్ది” అను వాగ్దానమును పరిశీలింతము. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము, హెల్మెట్టు లేనివానికి వేయి రూపాయల జరిమానాయే గాక మూడు మాసములు లైసెన్సునకు అనర్హతయు కలదు. ఈ రెండవ సగమును టీకొట్టు వైద్యులు ఎన్నడును ఉచ్చరింపరు. తాగి తోలినవానికి మొదటి పర్యాయము ఆరు మాసముల వఱకు కారాగారమో, పదివేల రూపాయలో, రెండునో. రెండవ పర్యాయమైనచో రెండేండ్ల వఱకు కారాగారమో, పదునైదువేలో, రెండునో. రెండవది రెండవది యగుట, మొదటిది నేరముగా నమోదైనందుననే గదా! వేపచెట్టు క్రింద తలయూపి వచ్చినవాడు కేసు పోయినదనుకొని సంకురాత్రికి మరల పుచ్చుకొని బండి యెక్కును. పోయినదనుకొన్నది అప్పుడు కాగితములలోనుండి లేచివచ్చి, వడ్డీతో సహా పలుకరించును. నేరాంగీకార మనగా శిక్షకు సంతకము. దానిని పాత బాకీ రద్దుగా అమ్మజూపుటయే ఈ మంత్రములోని మాయ.

లైసెన్సు లేనివాని కథ మఱింత రమ్యము. చట్టమున ఆ నేరమునకు జరిమానా ఐదువేల రూపాయలుగా చెప్పబడినది. ఆతడు వరుసలో నిలిచి, ఒప్పుకొని, విధించినది చెల్లించి, రసీదు పుచ్చుకొని, కోర్టు గేటు వెలుపల నిలిపిన అదే బండి నెక్కి, అదే లేని లైసెన్సుతో, రసీదు జేబులో రెపరెపలాడుచుండగా ఇల్లు చేరును. ఆతనిని లైసెన్సు పరీక్షకు పంపవలెనని ఎవ్వరికిని తోచదు. గడువు తీరి ఏడాది దాటిన లైసెన్సునకు మరల పరీక్ష తప్పదని చట్టములో ఉన్నమాట నిజమే. కాని బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదుట ఎనిమిది అంకె తిప్పుటకంటె మేజిస్ట్రేటు ఎదుట తల యొకమారు ఆడించుట సులభమని జనము గ్రహించియున్నది.

చిన్న నేరములకు కోర్టు వఱకు రాకయే ముగింపు పలుకవచ్చునని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 208వ సెక్షనులో ఒక దయగల మార్గమును చూపినది. అట్టి కేసులో సమను వచ్చిన మీదట, కోర్టు నిర్ణయించిన సొమ్మును మనియార్డరు ద్వారా పంపి, ఆ మనియార్డరు కూపనులోనే నేరము నంగీకరించినచో విచారణ ముగియును. అట్లు ఒప్పుకొన్నందున లైసెన్సునకు అనర్హతయు కలుగదు. మిరపకల్లము విడిచి రాలేని రైతు నుద్దేశించియే వ్రాసినట్లున్న యీ యేర్పాటును ఆ కోర్టు ఆవరణలో ఎవరైనను ప్రస్తావింపగా నేను వినలేదు. 

ఈ వరుసలో కనబడనివారిని గుఱించియు రెండు మాటలు చెప్పవలసియున్నది. పలనాడులో బండి ఆపబడిన తోడనే కాగితములు తీయువాడు అల్పుడు. ఫోను తీయువాడు ఘనుడు. “అన్న మాట్లాడతాడంట, ఒక్కసారి తీసుకోండి” అని యంత్రమును ఎస్.ఐ. చెవికడ కందించుటలో గల ఠీవి చూడదగినది. అన్న లేనివానికి చలానా, అన్న గలవానికి సలాము. ఎనిమిదవ తరగతి కుమారుడు బుల్లెట్టు తోలుచున్నాడని మీసము దువ్వు తండ్రులకు, ఆ కుమారుడు చిక్కినచో తమకు మూడేండ్ల వఱకు కారాగారమును పాతికవేల జరిమానాయును గలదని చట్టము చెప్పుచున్నను, ఫోనులో చార్జింగు ఉన్నంతవఱకు భయము లేదు. కోడిపోరులో ఓడినందుకు, ఏ పెద్దమనిషి సిఫారసును వెదకక, మాచర్ల మలిదేవాదులు ఏడేండ్లు రాజ్యము విడిచిపోయిరని గాథ. ఆ గాథను ప్రతియేట కార్తికమున వీరుల ఆరాధనలో తన్మయులై విను మనవారికి, వేయి రూపాయల చలానా వంశప్రతిష్ఠకు భంగముగా తోచుట విచిత్రము. అన్నట్లు, చట్టమును అమలుపఱచు అధికారియే ఆ నేరము చేసినచో జరిమానా రెట్టింపని 210-బి సెక్షను ఒకటి యున్నది. హెల్మెట్టు లేకుండ డ్యూటీకి పోవు ఖాకీ సోదరుని ఆపి ఆ సెక్షను చదివి వినిపింపగల ధైర్యశాలి పలనాటి వీరుల గడ్డపై ఇంకను జన్మింపవలసియున్నాడు.

పొందుగుల కడ వంతెన దాటి తెలంగాణములో ప్రవేశించినచో కథ మఱియొక రూపము దాల్చును. 2022లోను, మరల 2023 డిసెంబరు తుదినుండియు, అచ్చటి ప్రభుత్వము పేరుకొనిన చలానాలపై రాయితీలు ప్రకటించినది. రెండవ మారు ద్విచక్రవాహనములకు నూటికి ఎనుబది వఱకు మినహాయించి, గడువును ఫిబ్రవరి దనుక పొడిగించినది. చలానా పడిననాడే బుద్ధిమంతుడై నూటికి నూఱును కట్టినవాడు మూర్ఖుడుగను, ఏండ్ల తరబడి కట్టక సంక్రాంతి బేరమునకు కాచుకొన్నవాడు వ్యవహారదక్షుడుగను తేలిరి. హైదరాబాదు పోయివచ్చు మన నరసరావుపేటవారికి ఈ పాఠము క్షణములో ఒంటబట్టినది. నాటినుండి చలానా సందేశము వచ్చినప్పుడు వారు అడుగు ప్రశ్న “నేనేమి తప్పు చేసితిని?” అనునది కాదు, “ఆఫరెప్పుడు?” అనునది.

“జరిమానాలు వలదందువా? జనము చచ్చిన నీకేమి?” అని గద్దించువారుందురు. అయ్యా, చచ్చుచున్నారనియే నా బాధ. 2023 మే మాసములో మిరపకోతలకు వచ్చుచున్న నల్లగొండ జిల్లా కూలీల ఆటోను పొందుగుల కడ లారీ ఢీకొన్నప్పుడును, 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ల మండలము బొల్లవరము కడ ట్రాక్టరు తిరుగబడి మహిళాకూలీలు మరణించినప్పుడును ఈ సీమ ఏడ్చినది. పరిమితికి మించి జనము నెక్కించుకొన్న ప్రయాణికుల వాహనమును పట్టుకొన్నప్పుడు, అదనపు మనిషికి ఇన్నూఱు రూపాయల జరిమానాతో సరిపెట్టక, ఆ అదనపువారిని దింపి, వారు పోవుటకు వేఱు వాహనము నేర్పాటుచేయువఱకు ఆ బండిని కదలనీయరాదని 194-ఎ సెక్షను స్పష్టముగా శాసించుచున్నది. దింపుటకు శ్రమ, వేఱు బండి తెచ్చుటకు శ్రమ. చలానా కొట్టుటకు బొటనవ్రేలు చాలును. కావున బొటనవ్రేలే గెలుచును. చలానా పడిన ఆటో, ఎక్కినవారందఱితోను, చీటీతోను ముందునకు సాగును. ఆ చీటీ కట్టనిచో కేసగును, కేసు లోక్ అదాలత్‌కు వచ్చును, డ్రైవరు ఒప్పుకొనును, పరిష్కారమైన కేసుల లెక్కలో ఒకటి పెరుగును. ఈ సమస్త వ్యవహారములో ఒక్క కూలీయు ఆటో దిగలేదు.

న్యాయసేవాధికార సంస్థవారికి నా విన్నపము స్వల్పము. షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు, ఆదాయము తక్కువైనవారికి ఉచితముగా న్యాయవాదిని ఇప్పింపవలెనని మీ చట్టములోని 12వ సెక్షనే చెప్పుచున్నది. ఆ శనివారమునాటి వరుసలో సగము మంది అట్టివారే కానవత్తురు. వేపచెట్టు క్రింద కానిస్టేబులు బల్లకు ముందు మీ బల్ల నొకటి వేయించి, ఒప్పుకొనుటకు ముందు ఏమి ఒప్పుకొనుచున్నారో, ఒప్పుకొన్నచో మీదట ఏమగునో, ఒప్పుకొనకపోవు హక్కు కలదో లేదో చెప్పు న్యాయవాదిని కూర్చుండబెట్టుడు. రాబోవు లోక్ అదాలత్ లెక్కలు ప్రకటించునప్పుడు, రాజీపడిన కేసులను ఒక గడిలోను, నేరము ఒప్పుకొన్న కేసులను వేఱొక గడిలోను చూపుడు. మొదటి గడిలోని అంకె ఎంత చిన్నదైనను మేము చప్పట్లు కొట్టుదుము.