అమీర్‌పేట ఫైర్ ఇంజనీరింగ్

మైత్రీవనం పక్క సందుల్లో జావా నుంచి శాప్ దాకా నేర్పని విద్య లేదు. అగ్నిప్రమాదాల దర్యాప్తు ఒక్కటే సిలబస్‌లో లేదు. దానికి కోచింగ్ అక్కర్లేదు కదా, చాయ్ చాలు.

2025 జనవరి 26 రాత్రి హుస్సేన్‌సాగర్‌లో బాణసంచా కాల్చడానికి తెచ్చిన పడవలు రెండు భగ్గుమన్నాయి. ఇద్దరి ప్రాణాలు పోయాయి. పడవ నిండా పటాకులున్నాయన్నది కళ్లెదుట ఉన్న సంగతి. అంత తేలిగ్గా తేలిపోతే పంజాగుట్ట మేధావికి మజా ఏముంటుంది? ఒకాయన వీడియో ఆపి, రెండు వేళ్లతో సాగదీసి, చుక్కలుగా విడిపోయిన నారింజ మచ్చ మీద గోరు పెట్టి, "ఇదిగో అన్నా, స్పార్క్. షార్ట్ సర్క్యూటే" అంటాడు. అది వీధి దీపమైనా కావచ్చు. "డీజిల్ లీకై ఉంటది" అని ఇంకొకరు. మూడో ఆయన గుంభనంగా నవ్వి, "చేయించారు" అంటాడు. టేబుల్ మొత్తం తలూపుతుంది. బాణసంచానూ మనుషుల్నీ ఒకే పడవలో ఎందుకు ఎక్కించారని మాత్రం ఎవరూ అడగరు.

షార్ట్ సర్క్యూట్ ఈ నగరానికి శాశ్వత ముద్దాయి. దానికి పార్టీ లేదు, వకీలు లేడు, అది ఎవరి బావమరిదీ కాదు. దాని మీద నేరం మోపితే ఏ ఆఫీసులోనూ ఫైలు కదలక్కర్లేదు.

2019 సెప్టెంబర్ 2న కాలిఫోర్నియా తీరంలో 'కన్సెప్షన్' అనే డైవింగ్ పడవ తగలబడి 34 మంది చనిపోయారు. ఫోన్ బ్యాటరీలేనని అక్కడి చాయ్ బల్లలూ తీర్పిచ్చేశాయి. అమెరికా రవాణా భద్రతా బోర్డు ఏడాదికి పైగా తవ్వి, నిప్పు ఎలా పుట్టిందో తేల్చలేకపోయామని రాసింది. మన దగ్గరైతే పరువు పోయేది! కానీ ఆ నివేదిక వేరే సంగతులు తేల్చింది. రాత్రి కాపలా తిరగాల్సిన మనిషి లేడు, సిబ్బంది అంతా నిద్రలో ఉన్నారు. కింద పడుకున్నవాళ్లకున్న రెండు దారులూ మంటలున్న గదిలోకే తేలాయి. కెప్టెన్‌ను 2023లో కోర్టు దోషిగా తేల్చింది. నిప్పురవ్వ దొరకలేదు, బాధ్యుడు దొరికాడు. మనకు ఎప్పుడూ రవ్వే దొరుకుతుంది.

2018 మే 11న దేవీపట్నం దగ్గర గోదావరిలో పాపికొండల లాంచీ కాలిపోయింది. దేవుడి దయ, పర్యాటకులంతా బయటపడ్డారు. దాని కారణం మీద కబుర్లు సాగుతుండగానే, మే 15న మంటూరు దగ్గర ఇంకో లాంచీ గాలివానకు మునిగి ఎందరో పోయారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' పడవ మునిగింది. ఆ రెంటికీ నిప్పంటుకోలేదు. షార్ట్ సర్క్యూట్ గారు నిర్దోషిగా విడుదలయ్యారు.