చిల్లర సంజీవని

మూలం: వైష్ణోదేవి బొమ్మ గల ఐదు రూపాయల బిళ్ళ పది లక్షలు. ఖడ్గమృగం పావలా లక్షన్నర. ముందుగా రిజిస్ట్రేషన్ రుసుము కట్టవలెను.

అవతారిక: ఈ సూత్రత్రయం ఫోన్ల ద్వారా గోరంట్ల చేరింది. కర్త అజ్ఞాతుడు. బస్టాండు దగ్గరి టీ అంగట్లో దీనికి నిత్యం ప్రవచనం జరుగుచున్నది. బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పి, కళ్ళు చిట్లించి, "రేర్ పీస్ అప్పా" అని నిట్టూర్చుటయే అచటి శాస్త్రం. ఆ నిట్టూర్పు భరించలేక ఈ టీక.

టీక: బిళ్ళ, రూపాయి సులభములు గనుక వదలితిమి. వైష్ణోదేవి బిళ్ళ 2012లో, ఆ దేవస్థానం బోర్డు పాతికేళ్ళ పండుగకు ప్రభుత్వం వేసినది. నిన్నమొన్నటిది, ఇప్పటికీ ఐదు రూపాయలకు చెల్లును. ఖడ్గమృగం పావలా 1988లో మొదలైన స్టీలు నాణెం. 2011 జూన్ 30తో పావలాలన్నిటికీ చెల్లుబాటు పోయినది. చెల్లదు గనుక అమూల్యమని అంగడివారి తర్కం. ఆ లెక్కన మా మండలంలో ఎండిన బోర్లన్నీ నవరత్నాలు కావలె.

ఇక సంవత్సరం కింది గుర్తు. నక్షత్రముంటే హైదరాబాదు టంకశాల, వజ్రాకృతి ముంబయి, చుక్క నోయిడా, ఏమీ లేకున్న కోల్‌కతా. ఏమీ లేకపోవుటే ఒక గుర్తగుట అద్వైతులకు ఆనందహేతువు. నిజమైన సేకర్త చూసేది ఈ గుర్తును, ఎన్ని మిగిలాయన్న లెక్కను, అరుగుదలను. 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి ఎక్కడో గాని దొరకదు, అందుకే దానికంత ధర. 1968–71 నాటి పసుపుపచ్చ తామరపువ్వు ఇరవై పైసలను ప్రతి అవ్వా దాచింది, అందుకే దానికి లేదు. దాచి ఊరుకున్నా కొంత నయం. శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమి, లక్ష్మీదేవి పటం ముందు పెట్టి, పువ్వు రేకులు కలిసిపోయేదాకా మెరిపించింది. తోమిన నాణేన్ని సేకర్త చేత్తో ముట్టడు.

విశేషం: నాణేల పరీక్ష అనగానే విజయనగరం ఏలిన ప్రౌఢదేవరాయల ముత్యాలశాల తలపునకు వచ్చును. శ్రీనాథునికి అక్కడ టంకాలతో కనకాభిషేకం జరిగిందని ప్రసిద్ధి. ఆ రాయల కొలువుకే 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్, అక్కడి బంగారు నాణెం వరహా అనీ, అందులో సగం ప్రతాపం అనీ రాసిపెట్టాడు. అట్లయిన కవి తలపై పోసినవి వరహాలా, ప్రతాపాలా? స్నానం ముగిశాక నేలపై పడినవి ఎవరు ఏరారు? ఒకదానికొకటి తగిలి అంచులు నొక్కుకుపోతే కోశాధికారి ఏ శ్రేణి కింద జమ కట్టాడు? వాదంలో శ్రీనాథునికి ఓడిన గౌడ డిండిమభట్టు కంచుఢక్క పగిలిందని అందరూ చెప్తారు. పగిలిన కంచు తూకమెంతో ఒక్కరూ చెప్పరు. ఆనాడే మన టీ అంగడి పండితుడు ముత్యాలశాలలో ఉండి ఉంటే, అభిషేకం నడుమ లేచి ఒక టంకం పైకెత్తి నిట్టూర్చేవాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కాళిదాసుకు టీక రాసిన మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. రెండో ఒట్టు మాకు వర్తించదు. మొదటిది అంగడివారికి వర్తించాలి.

తాత్పర్యం: మూడో సూత్రమే అసలు సూత్రం. మొదటి రెండూ దానికి ఎర. రుసుము కట్టాక పన్నంటారు, పన్ను కట్టాక కొరియరంటారు, ఆపైన ఫోను ఎత్తరు. శెనక్కాయ పంట పోయి, వడ్డీకి తెచ్చిన రొక్కంలోంచి ఈ రుసుము కట్టే వాళ్ళున్నారు. వాళ్ళకు "రేర్ పీస్" అని చెప్పి పంపేది ఈ పండితులే. పాత నాణేల కొనుగోళ్ళతో తమకు సంబంధం లేదనీ, తమ పేరు చెప్పి రుసుములూ కమీషన్లూ అడిగితే నమ్మొద్దనీ 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. దాని మీద మాత్రం ఒక్క వ్యాఖ్యాతా నోరు విప్పడు.

అదే అంగట్లో టీ తాగి పది రూపాయల బిళ్ళ ఇస్తే, "ఇది చెల్లదు, నోటియ్యి" అంటారు. పద్నాలుగు రకాల పది రూపాయల బిళ్ళలున్నాయి, అన్నీ చెల్లుతాయని అదే రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో చెప్పింది. ఐదు రూపాయల బిళ్ళలో పది లక్షలు చూసే కళ్ళకు పది రూపాయల బిళ్ళలో పది రూపాయలు కనబడవా అన్నా? తీసుకో, చిల్లరియ్యి.