ముక్క కథ చెప్పాలిట!

"సార్, మేము గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం. మీ షాపు మ్యాప్‌లో కనబడటం లేదు. ఈ రాత్రి పన్నెండులోపు వెరిఫికేషన్ ఫీజు కట్టకపోతే శాశ్వతంగా తీసేస్తారు."

"కనబడకపోతే నా నంబరు నీకెట్టా దొరికిందయ్యా?"

అవతలివాడు ఫోన్ పెట్టేస్తాడు. తెనాలిలో పచ్చళ్ల కొట్టు నడిపే బాబాయి ఇలాంటివాళ్లను ఈ ఒక్క ప్రశ్నతోనే సాగనంపుతుంటాడు. (ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఆ వీధిలో అందరికీ ఆయన బాబాయే, ఆయన భార్య అందరికీ పిన్నే.) మ్యాప్‌లో కొట్టు పేరు పెట్టుకోవడానికి గూగుల్ పైసా అడగదు. ఆ సంగతి తెలియని కొట్టు యజమాని ఒక్కడు మిగిలినా ఈ ఫోన్లు ఆగవు.

ఫోన్లో వచ్చినవాళ్లను తరిమేసే బాబాయి, నేరుగా గడప తొక్కినవాడికి మాత్రం దొరికిపోయాడు. తోడల్లుడు పంపించిన కుర్రాడాయె, కాదంటే ఇంట్లో మాట వస్తుంది. విజిటింగ్ కార్డు మీద 'డిజిటల్ గ్రోత్ కోచ్' అని ఉంది. వయసు చూస్తే కొట్లో ఉన్న మాగాయ జాడీకే రెండేళ్లు ఎక్కువుంటాయి. ఆదివారం కల్యాణమండపంలో వర్క్‌షాపు, ఫీజు 99 రూపాయలు, టీ బిస్కెట్లు ఉచితం.

బాబాయికి తోడుగా నేనూ వెళ్లాను. టైలర్లు, టైర్ల కొట్టువాళ్లు, బ్యూటీ పార్లర్ ఆవిడ, అప్పడాలు వత్తే ఇద్దరు అక్కచెల్లెళ్లు, అందరూ నోటు పుస్తకాలతో సహా హాజరు. మొదటి స్లైడులో కోచ్ ఒక ఖరీదైన కారు ముందు నిలబడి ఉన్నాడు. రెండో స్లైడులో అదే కారు, అదే కోచ్, కళ్లద్దాలు మారాయి. మూడు గంటలు గడిచాక అసలు సంగతి బయటపడింది: ఇవాళ విన్నది శాంపిలే, పూర్తి కోర్సు 4,999. అదీ మొదట చేతులెత్తిన ఇరవైమందికే. కోర్సులో చేరినవాళ్లకి ఇంకో రహస్యం తెలుస్తుంది, దానిపైన 'ఇన్నర్ సర్కిల్' ఉంది, 49,999. ఆ పూట అక్కడ నేర్పిన పాఠం నిజానికి ఒక్కటే, కానీ కళ్లకు కట్టినట్టు నేర్పాడు: 99 రూపాయలకు వచ్చినవాణ్ని 49,999 దాకా ఎలా నడిపించుకెళ్లాలో. ఎవరూ నోట్సు రాసుకోలేదు.

"మీరు పచ్చళ్లు అమ్మట్లేదు సార్. ఎమోషన్ అమ్ముతున్నారు" అన్నాడు కోచ్, బాబాయి వైపు వేలు చూపించి.

"అట్టాగా. మరి కిలో ఎంతకి వెయ్యమంటావ్?"

హాలంతా నవ్వింది. కోచ్ కూడా నవ్వాడు. 4,999 మాత్రం కట్టించుకున్నాడు.

మర్నాటి నుంచి కొట్టు కొట్టులా లేదు. ముందుగా బ్రాండ్ స్టోరీ కావాలన్నారు. కోచ్ ఫోన్లోని ఏఐని అడిగితే అది అర నిమిషంలో రాసిచ్చింది: "మా ఊరగాయల అద్భుత ప్రపంచంలోకి స్వాగతం! ఇక్కడ ప్రతి ముక్కా ఒక కథ చెబుతుంది. ప్రతి చుక్క నూనెలో ఒక జ్ఞాపకం ఒదిగి ఉంటుంది." పిన్ని కారం కలుపుతూ విన్నది. "ముక్క కథ చెప్పడమేందిరా నాయనా, కరకరలాడాల గానీ. నూనెలో ఇంకోటేదో ఒదిగి ఉంటే బూజు పడుద్ది" అంది. కోచ్ ఆ మాట పట్టించుకోలేదు. నాకైతే ఆ కొట్టు గురించి ఇంతకు మించిన ప్రకటన ఎవరూ రాయలేరనిపించింది.

తర్వాత రీల్స్. మొదటి మూడు సెకన్లలో చూసేవాడి గుండె ఆగాలిట. అందుకని కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ మీద కత్తి పడుతున్న చప్పుడుతో మొదలుపెట్టి, "ఈ ఒక్క తప్పు చేస్తే మీ ఆవకాయ విషమే!" అని పిన్ని చేత అనిపించబోయారు. నలభై ఏళ్లుగా ఆవకాయ పెడుతున్న మనిషి చేత ఆవకాయ విషం అనిపించడమే మార్కెటింగ్! పిన్ని ససేమిరా అనకపోతే కోచ్ తనే చీర కట్టుకుని అనేవాడేమో. చివరికి బాబాయే పాట పెట్టి జాడీ పక్కన నాలుగడుగులు ఊగాడు. దాన్ని వేలమంది చూశారు. దుబాయిలో ఉన్న మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. ఆ వారం వచ్చిన ఆర్డర్లకు, ఆ వేలమందికి ఏ సంబంధమూ తేలలేదు.

ఉన్నదల్లా కామెంట్లే. అందులోనూ సగం ఒకటే మాట: 'ప్రైస్ ప్లీజ్'. ధర రాసేస్తే సరిపోదా అని బాబాయి అడిగాడు. కోచ్ చెవులు మూసుకున్నంత పని చేశాడు. ధర పెడితే ఎవరూ అడగరు, అడగకపోతే కామెంట్లు రావు, కామెంట్లు రాకపోతే పోస్టు పైకి లేవదు. కాబట్టి ప్రతివాడికీ 'డీఎం చెక్ చేయండి' అని జవాబివ్వాలి. సీసాలో పెట్టి అమ్మే పచ్చడి మీద ధర, బరువు, తయారుచేసినవారి పేరు, ఫిర్యాదుకు నంబరు ముద్రించాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతాయి. లేబుల్ మీద రాయకపోతే తూనికల కొలతల ఇన్‌స్పెక్టరు కేసు రాస్తాడు. స్క్రీన్ మీద రాస్తే కోచ్ కోప్పడతాడు. ఒకే సీసా, ఇద్దరు అధికారులు. ఇంతకీ ఆ వర్క్‌షాపు స్లైడుల్లో ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల లైసెన్సు నంబరు ప్రస్తావన ఎక్కడా రాలేదు. దానికి ట్రెండింగ్ పాట లేదు మరి.

పండగ పోస్టర్ల గురించి కొంచెం విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వ్యాధి ఇప్పుడు ఊరూరా ఉంది. ఒక యాప్ ఉంటుంది. అందులో మన ఫోటో, కొట్టు పేరు, నంబరు ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఏడాది పొడవునా ప్రతి పండగకీ, ప్రతి జయంతికీ, ప్రతి వర్ధంతికీ పోస్టరు దానంతటదే తయారై కూర్చుంటుంది. గాంధీ జయంతినాడు గాంధీగారు మూల చిన్న గుండ్రంలో ఉన్నారు, బాబాయి చేతులు జోడించి నిండుగా ఉన్నాడు. ఉపాధ్యాయ దినోత్సవం, ప్రపంచ జల దినోత్సవం, అంతర్జాతీయ పులుల దినోత్సవం కూడా వదల్లేదు. పులికీ పులిహోర పేస్టుకీ ఉన్న సంబంధం ఆలోచిస్తూ ఆ ఉదయమంతా గడిపాను. ఓ పెద్ద సినిమా మనిషి పోయిన రోజున వచ్చిన పోస్టరు మాత్రం చాలాకాలం గుర్తుంటుంది. పైన నల్ల రిబ్బను, "వారి ఆత్మకు శాంతి చేకూరాలి", కింద పసుపు పట్టీ మీద "హోమ్ డెలివరీ కలదు."

ఇవన్నీ వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో పోతాయి. ఒక జాబితాలో 256 మందే పడతారు. పైగా బాబాయి నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. అంటే ఆ పోస్టర్లన్నీ చూస్తున్నది ఎప్పటినుంచో ఆ కొట్లోనే కొంటున్నవాళ్లు. కొత్తవాణ్ని పట్టుకునే వల అనుకుని వేసింది పాతవాణ్ని పారదోలుతోంది. నాకు తెలిసిన ఒకావిడ నంబరు బ్లాక్ చేసి, పచ్చడికి మాత్రం మనిషిని పంపిస్తోంది.

'బూస్ట్' నొక్కిన రోజున బాబాయి నాలుగువేలు పెట్టాడు. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ అదనమని బిల్లు వచ్చాకే తెలిసింది. ఎవరికి చూపించాలి అని ఫోను అడిగితే కోచ్ 'ఇండియా అంతా' అని నొక్కాడట. లైకులు కొట్టినవాళ్లెవరికీ గోంగూర అంటే ఏమిటో తెలిసినట్టు లేదు.

రివ్యూలదీ అదే తీరు. ప్యాకేజీలో భాగంగా రాత్రికి రాత్రి ఐదు నక్షత్రాల రివ్యూలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. "రూమ్స్ చాలా శుభ్రంగా ఉన్నాయి, స్టాఫ్ మర్యాదస్తులు" అని ఒకటి. "డాక్టరుగారి హస్తవాసి మంచిది" అని ఇంకొకటి. ఆన్‌లైన్ సమీక్షలు నిజాయితీగా ఉండాలని మన బీఐఎస్ వారు 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం విడుదల చేశారు. బంగారానికి హాల్‌మార్కు వేసే సంస్థ పొగడ్తకు కూడా ప్రమాణం రాయాల్సి వచ్చింది! పాటించడం మాత్రం ఐచ్ఛికం. ఇక బాబాయికి వచ్చిన ఒకే ఒక్క అసలు రివ్యూ ఒంటి నక్షత్రం: "పచ్చడి అద్భుతం. బండి పెట్టుకోడానికి చోటు లేదు."

"గూగుల్లో నంబర్ వన్ చేస్తా" అన్నది కోచ్ ఇచ్చిన పెద్ద హామీ. మొదటి స్థానం ఇప్పిస్తామని హామీ ఇవ్వడం ఎవరివల్లా కాదని గూగులే రాసిపెట్టింది. చుట్టుపక్కల కొట్లలో దేన్ని ముందు చూపించాలనేదానికి అది చెప్పే లెక్క మూడు ముక్కలు: వెతికినదానికి మీరు అమ్మేది సరిపోవాలి, వెతికినవాడికి మీరు దగ్గరుండాలి, మీకు పేరుండాలి. ఆంధ్రా ప్యారిస్ అనిపించుకున్న తెనాలిలో కూర్చుని విజయవాడ బెంజి సర్కిల్‌లో వెతికేవాడికి మొదట కనబడాలంటే కొట్టును లారీలో ఎక్కించాలి. చేయగలిగిన పనులు చేతికి అందేంత దగ్గర్లోనే ఉన్నాయి. కొట్టు తెరిచే వేళలు సరిగ్గా రాయడం, సంక్రాంతికి మూసేస్తే ఆ మాట పెట్టడం, బోర్డు కనబడేలా ఒక ఫోటో, ఇచ్చిన నంబరుకు ఫోన్ వస్తే ఎత్తడం. ఇవన్నీ చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. అయిదు నిమిషాల మాటకు 4,999 ఎవరిస్తారు?

ఈ మధ్యలో ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. తాను ఆర్మీ ఆఫీసరునని, యూనిట్ కోసం ఇరవై కిలోలు కావాలని, డబ్బు ముందే పంపుతానని ఒకాయన హిందీ కలిపిన తెలుగులో చెప్పాడు. కోచ్ దాన్ని 'హాట్ లీడ్' అని ఎగిరి గంతేశాడు. వెంటనే ఒక క్యూఆర్ కోడ్ వచ్చింది, స్కాన్ చేసి పిన్ కొట్టమని. "మనకి డబ్బులొచ్చేదానికి మన పిన్ను ఎందుకు కొట్టాల?" అని పిన్ని అడిగింది. అంతే, ఆఫీసరుగారు సరిహద్దులకు వెళ్లిపోయారు. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదన్న ముక్క, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలన్న ముక్క కూడా ఏ స్లైడులోనూ లేవు.

కొట్లో నిజంగా పనికొచ్చే యంత్రం ఒకటుంది. గల్లాపెట్టె పక్కన "ఇరవై రూపాయలు అందాయి" అని అరిచే డబ్బా. 2016లో యూపీఐ వచ్చిన కొత్తల్లో కొందరు పాత స్క్రీన్‌షాట్ చూపించి సీసా పట్టుకుపోయేవాళ్లు. చేతులనిండా కారం, నూనె ఉన్న పిన్ని ఫోను తెరిచి చూసుకోలేదు. ఆ డబ్బా వచ్చాక చెవి పడేస్తే సరిపోతోంది. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వచ్చే యూపీఐ డబ్బు మీద 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర కమీషన్ పట్టడానికి లేదు గనక, డబ్బాకు నెలనెలా అద్దె గుంజుతున్నారు. అయినా నా లెక్కలో అది న్యాయమైన బేరమే. చిక్కల్లా ఒకటే, ఆ రోజు గల్లా ఎంతో బాబాయి కంటే ముందు ఎదురుగా ఉన్న అప్పులవాడికి తెలుస్తోంది.

కోచ్ కళ్లు చివరికి పడింది పిన్ని నోటు పుస్తకం మీద. అట్ట ఊడిన ఆ పుస్తకంలో ఎవరింట్లో బీపీ ఉంది, ఎవరికి ఉప్పు తగ్గించాలి, ఎవరమ్మాయి డాలస్‌లో ఉంది, ఏ నెలలో పార్సిల్ పోవాలి, ఎవరు వెల్లుల్లి తినరు, అన్నీ ఉన్నాయి. "ఇది డేటా మేడమ్! ఇవ్వండి, నా షీట్‌లో అప్‌లోడ్ చేస్తా" అన్నాడు. పిన్ని పుస్తకం తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. అదే మంచిదయింది. 2020 జూన్ 29న ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు, టిక్‌టాక్‌లో లక్షలమందిని పోగేసుకున్నవాళ్లు మర్నాడు లేచేసరికి ఒక్కరి ఫోన్ నంబరు కూడా చేతిలో లేక నిలబడ్డారు. పోగైన జనం యాప్‌వాళ్ల జనం. బియ్యం డబ్బాలో ఉన్న జనం పిన్నివాళ్లు.

బాబాయి ఒకరోజు కోచ్‌ను కూర్చోబెట్టి అడిగాడు. "అది సరే అబ్బాయ్, నీ దగ్గరికి నేనెట్టా వచ్చా? ఏ రీలు చూసి వచ్చా?"

"మీ తోడల్లుడుగారు చెప్పారు కద్సార్."

"ఆయన మా కొట్టు సంగతి కూడా ఊరంతా చెబుతాడయ్యా. కిలో ఊరికే ఇస్తే చాలు."

కోచ్ నొచ్చుకోలేదు, వాడి వృత్తిలో అది లేదు. మరుసటి వర్క్‌షాపులో బాబాయిని 'సక్సెస్ స్టోరీ'గా వేదిక ఎక్కిస్తానన్నాడు. మొన్న కల్యాణమండపం గోడ మీద ఫ్లెక్సీ కూడా చూశాను. జాడీ పట్టుకుని బాబాయి, పక్కన ఆ కారు, కింద 'ఆవకాయ నుంచి ఆన్‌లైన్ దాకా'. వేదిక ఎక్కినందుకు ఎంతిస్తారని అడిగాను. ఇవ్వరట, వీళ్లే కట్టాలిట. దాన్ని స్పీకర్ ప్యాకేజీ అంటారు.

బాబాయి అప్పుడే మెత్తబడ్డాడు. మామిడికాయ ఏడాదికి ఒక్క రుతువే, సలహాకైతే పన్నెండు నెలలూ కాపు. నూనె ధర పెరగదు, మిరపయార్డు చుట్టూ తిరగక్కర్లేదు, లైసెన్సు నంబరు గొడవ లేదు, సీసా పగలదు, బూజు పట్టదు. ఓ పక్కన చిన్న వర్క్‌షాపు మనమే పెడితే ఎట్టా ఉంటుందని పిన్నిని అడిగాడు.

పిన్ని లేబుళ్లు అంటిస్తోంది. తలెత్తకుండానే అంది, "పెట్టండి. ఎక్స్‌పైరీ డేటు ఎక్కడ అంటించాలో చెప్పండి, అంటిస్తా."