సత్రం భోజనం, మఠం నిద్ర, షెంగెన్ వీసా

యూరప్‌లో పేదవాడిలా తిరగాలంటే ముందు డబ్బున్నవాడినని రుజువు చేసుకోవాలి. రూలే అంత. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఆఫీసువాళ్ల సెలవు లెటరు, హోటల్ బుకింగులు, 30,000 యూరోలకి తగ్గని ఆరోగ్య బీమా, అన్నీ వరసగా ఫైల్లో పెట్టుకుని వీసా సెంటర్‌కి వెళ్లాలి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. వీసా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. ఖాతాలో అంత నిల్వ లేదంటారా? బావమరిది ఉన్నది ఎందుకు? ఓ మూడు నెలలు మీ ఖాతాలో పడుండమని ఆయన డబ్బుకి చెప్పండి. ఈ యాత్రలో మీకందే మొదటి సాయం ఇదే. తిరిగొచ్చాక ఎవరికీ చెప్పనవసరం లేని సాయాల్లో కూడా ఇదే మొదటిది.

వీసా వచ్చాక 29 దేశాలు మీవే, 180 రోజుల్లో 90 రోజులకి మించకుండా. ఇంతకీ షెంగెన్ అనేది లక్సెంబర్గ్‌లో మోసెల్ నది ఒడ్డున ఉన్న చిన్న పల్లెటూరు. 1985లో ఐదు దేశాలవాళ్లు ఆ నదిలో ఓ పడవెక్కి షెంగెన్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. అదే లక్సెంబర్గ్‌లో 2020 నుంచి బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు అందరికీ ఉచితం. రోమ్‌లో వీధి కుళాయిల్లో మంచినీళ్లు ఉచితం. మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియం మూసే ముందు చివరి రెండు గంటలు ఉచితం. అయితే ఇవన్నీ ప్రభుత్వాలు ఇచ్చేవి. ఎవరైనా తీసుకోవచ్చు. అందులో మీ ప్రతిభ ఏముంది? ఈ గైడు మనుషుల దగ్గర రాబట్టుకోవలసిన వాటి గురించి.

సామాను మాట ఒక్కటి చెప్పి ముందుకి పోదాం. మొగల్తూరు నుంచి బారిస్టర్ పార్వతీశం బయల్దేరిన లెక్కన ఇప్పుడు కుదరదు. చౌక విమానంలో సీటు కింద పట్టే సంచి వరకే ఉచితం. అందుకని చొక్కా మీద చొక్కా, స్వెట్టర్ మీద కోటు తొడుక్కుని విమానం ఎక్కండి. ఆవకాయ చేతిసంచిలో పెట్టకండి, సెక్యూరిటీవాళ్ల లెక్కలో అది ద్రవం. నెయ్యి అసలే వద్దు, బయటి దేశాల పాల పదార్థాలు ప్రయాణికులు తేకూడదన్నది యూరోపియన్ యూనియన్ నియమం. కందిపొడి, కరివేపాకు పొడి మాత్రం దండిగా పెట్టుకోండి. వాటి విలువ ముందు ముందు తెలుస్తుంది.

ఇక అసలు పెట్టుబడి, ముఖం. ఇంట్లో అద్దం ముందు నిలబడి సాధన చేయండి. బాగా చదువుకున్నవాడు, మంచి కుటుంబంలోంచి వచ్చినవాడు, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఈ మూడూ ఒకేసారి కనపడాలి. ఫోన్‌లో మ్యాపు ఉన్న సంగతి జేబులోనే ఉండనివ్వండి. దారి తెలిసినా అడగండి. ఇటలీలో ప్రాంతీయ రైళ్ల కాగితం టికెట్‌కి రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీది మిషన్‌లో ముద్ర కొట్టించుకోవాలి, లేకపోతే జరిమానా. మీకది తెలుసు. తెలిసినా టికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడండి. కూరగాయల సంచితో వెళ్తున్న ఓ ముసలావిడ ఆగి, సంచి మీ కాళ్ల దగ్గర పెట్టి, టికెట్ లాక్కుని పోయి ముద్ర కొట్టించుకొచ్చి, మీ బుగ్గ తట్టి, సంచిలోంచి ఓ కమలాపండు తీసి చేతిలో పెడుతుంది. జర్మన్లు నవ్వరని విని ఉంటారు. నిజమే, నవ్వకుండానే మిమ్మల్ని మీ ప్లాట్‌ఫారం దాకా తీసుకొచ్చి, మీరు సరైన రైలే ఎక్కారని నిర్ధారించుకుని గానీ కదలరు. ఆ పెద్దాయన తన రైలు తప్పిపోయిందని మీకు చెప్పడు. మీరూ అడగకండి.

వాన పడితే మరీ మంచిది. 1909లో రిచర్డ్ షిర్‌మాన్ అనే జర్మన్ బడిపంతులు పిల్లల్ని వెంటేసుకుని కాలినడకన వెళ్తూ గాలివానలో చిక్కుకున్నాడు. ఓ పల్లెటూరి బడిలో చోటిచ్చారు. రైతు ఒకాయన పడుకోవడానికి గడ్డీ, తాగడానికి పాలూ ఇచ్చాడు. అందరూ నిద్రపోయినా పంతులుకి మాత్రం నిద్ర పట్టలేదు. సెలవుల్లో బళ్లన్నీ ఇలా తెరిచి ఉంచితే ఎంతమంది పిల్లలు దేశం చూడొచ్చో అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. మూడేళ్లకి ఆల్టెనా కోటలో యూత్ హాస్టల్ వెలిసింది. ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటే ఈ రోజు మీరు హాస్టల్లో మంచానికి డబ్బు కట్టే బాధ ఉండేది కాదు, నేరుగా రైతు ఇంటికే పోయేవాళ్లు.

ఇప్పుడు ఈ విద్యకి ఆయువుపట్టు దగ్గరికి వద్దాం. మన తెలుగు కుర్రాడు. జర్మనీలో ఏ యూనివర్సిటీ ఊళ్లో దిగినా ఒకడుంటాడు. ఆఖెన్‌లోనో డ్రెస్డెన్‌లోనో ఎమ్మెస్ చదువుతుంటాడు. వాడెవరో మీకు తెలియదు. మీ పిన్నిగారి ఎదురింటావిడ తోడికోడలి కొడుక్కి స్నేహితుడు. ఇంకేం కావాలి? స్టేషన్‌కి వాడే వస్తాడు, మీ బ్యాగు వాడే మోస్తాడు. “తమ్ముడూ, మీదే ఊరు?” అనండి. తెనాలి అంటాడు. “అరె, మా మేనత్తదీ తెనాలే!” అనండి. మేనత్త లేకపోయినా ఫరవాలేదు, వాడు తెనాలికి ఫోన్ చేసి కనుక్కోబోడు.

వాడు జర్మనీ రావడానికి ముందే ఏడాది ఖర్చుకని 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి వచ్చాడు. వాళ్ల నాన్న దేన్ని తాకట్టు పెట్టాడో మనకెందుకు. అందులోంచి నెలకి 992 యూరోలు మాత్రమే బయటికొస్తాయి. అద్దె, బీమా, తిండి అన్నీ అందులోనే. చాలనిది సాయంత్రాలు గోడౌన్‌లో డబ్బాలు సర్ది సంపాదించుకుంటాడు. ఈ లెక్క మీకెందుకంటే, వాడి దగ్గర ఎన్ని రోజులు ఉండొచ్చో అంచనా వేసుకోవడానికి.

ఒక్కటే మంచం. “మీరు పడుకోండన్నా, నాకు కింద అలవాటే” అంటాడు. ఒక్కసారి “ఛఛ, వద్దులే” అనండి. రెండోసారి అనకండి, నిజమనుకునే ప్రమాదం ఉంది. వంటగది నలుగురిది. ఫ్రిజ్‌లో వాడి పేరు రాసిన కాగితం అంటించిన అర ఒకటే. అందులో సగం కొత్తిమీర కట్ట, పెరుగు డబ్బా, రేపటి టిఫిన్ బాక్సు. మీకోసం టమాటా పప్పు చేస్తాడు. పోపు వేసే ముందు కిటికీ బార్లా తెరిచి, పొగకి అలారం మోగి ఫైరింజన్ వస్తుందేమోనని ఒక చేత్తో గరిటె తిప్పుతూ రెండో చేత్తో తువ్వాలు విసురుతుంటాడు. ఆ దృశ్యాన్ని రీల్ తీయండి. అప్పుడు కందిపొడి పొట్లం బయటికి తీయండి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడడు. తర్వాత అచ్చం అమ్మ చేసినట్టే ఉందన్నా అంటాడు. ఇక ఇంకో నాలుగు రోజులు మిమ్మల్ని ఎవరూ కదపలేరు.

వెళ్లే రోజున గది మూల సంచిలో ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కనిపిస్తాయి. చెత్త అనుకునేరు. జర్మనీలో సూపర్‌మార్కెట్ మిషన్‌లో వేస్తే సీసాకి 25 సెంట్లు ఇస్తారు. నెలాఖరుకని దాచుకున్నాడు. “నేను అటే వెళ్తున్నాగా తమ్ముడూ, పారేసి వెళ్తాలే” అని చేతికి తీసుకోండి. చూశారా, సాయం చేసే గుణం మీలోనూ ఉంది.

స్పెయిన్‌లో సాంటియాగో కాలిబాట పట్టేవాళ్లకి ఓ హెచ్చరిక. ఆ దారిలో గ్రాన్యోన్ అనే ఊళ్లో చర్చినే ఆనుకుని యాత్రికుల బస ఉంది. నేల మీద చాపలు, రాత్రి అందరూ కలిసి వండుకు తినడం. రేటు లేదు. మూత తీసి ఉంచిన పెట్టె ఒకటుంటుంది. వీలైతే ఇందులో వేసి వెళ్లండి, అవసరమైతే తీసుకెళ్లండి అన్న భావంతో దాని మీద రాసి ఉంటుంది. నా దృష్టిలో ఇది చాలా ప్రమాదకరమైన ఏర్పాటు. టికెట్ ఉంటే ఎగ్గొట్టవచ్చు, బేరముంటే ఆడవచ్చు. మూత లేని పెట్టె దగ్గర ఏం చేస్తాం? వాళ్లు చూడకపోయినా మనకి మనం కనపడతాం. తెల్లవారకముందే లేచి, పెట్టె లేని వైపు తలుపులోంచి నడక మొదలుపెట్టడం ఉత్తమం.

గురుద్వారాలు కూడా మరిచిపోవద్దు. ఇటలీలో పో నది మైదానంలో పర్మెజాన్ జున్నుకి పాలిచ్చే ఆవుల్ని సాకేవాళ్లలో పంజాబీ సిక్కులు ఎంతోమంది. వాళ్లు 2000లో నొవెల్లారా అనే ఊళ్లో పెద్ద గురుద్వారా కట్టుకున్నారు. తెల్లవారుజామున లేచి పాలు పితికినవాళ్లు రొట్టె వడ్డిస్తారు. మీ కులం, మతం, బడ్జెట్ అడగరు. తిన్నాక కంచాలు కడిగేచోట ఓ చెయ్యి వేయమంటారేమో. సరిగ్గా ఆ సమయానికి ఫోన్ వస్తుంది కదా మీకు?

బడ్జెట్ యాత్రలో రికార్డు కొడదామనుకుంటే మాత్రం ఆశ వదులుకోండి. 1962లో మొదలైన యాత్రతోనే అది అయిపోయింది. పోచంపల్లిలో భూదానం మొదలుపెట్టిన వినోబా దగ్గర పనిచేసిన సతీశ్ కుమార్, ఈ.పీ. మేనన్ అనే ఇద్దరు యువకులు అణుబాంబులు వద్దని చెప్పడానికి ఢిల్లీ నుంచి మాస్కో, పారిస్, లండన్ల మీదుగా వాషింగ్టన్ దాకా యాత్ర కట్టారు. జేబులో పైసా పెట్టుకోవద్దని వినోబా సలహా. డబ్బుంటే హోటల్లో తిని పడుకుంటారు, లేకపోతే ఎవరి తలుపో కొట్టక తప్పదు. పాకిస్థాన్ సరిహద్దు దాకా సాగనంపిన మిత్రులు తిండి పొట్లాలు ఇవ్వబోతే వాళ్లు అవి కూడా తీసుకోలేదు. ఇవి వెంట ఉన్నాయంటే అవతలివాళ్లు పెట్టరని అనుమానిస్తున్నట్టే కదా అని. అవతల గట్టు మీద వాళ్లకోసం ఎదురుచూస్తున్న మనిషి ఉండనే ఉన్నాడు. జార్జియాలో ఓ టీ ఫ్యాక్టరీ దగ్గర ఓ స్త్రీ వాళ్లకి నాలుగు టీ పొట్లాలిచ్చింది. నాలుగు అణు రాజ్యాల అధినేతలకి ఒక్కొక్కటి. బాంబు మీట నొక్కబోయే ముందు ఓ కప్పు టీ కాచుకుని ఆలోచించమని చెప్పాలట. వాళ్లు ఆ పొట్లాల్ని దేశదేశాలు మోసుకుపోయి నిజంగానే అందజేశారు.

ఈ కథ మీకు ఆతిథ్యమిచ్చేవాళ్ల ముందు ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి. మీరేం మోసుకొచ్చారని అడిగే అవకాశం ఉంది.

తిరిగొచ్చాక మొదటి పెళ్లిలోనే అవకాశం దొరుకుతుంది. రెండో వడ్డన అయ్యాక గొంతు సవరించుకుని, “ఎన్ని చెప్పండి, యూరప్‌లో మానవ సంబంధాలు లేవండీ. ఎవరి బతుకు వాళ్లది. అతిథి దేవుడన్నది మన దగ్గరే” అనండి. అందరూ తల ఊపుతారు. కమలాపండు ప్రస్తావన వద్దు. మీ పై వాటాకి తగిలించిన టు-లెట్ బోర్డు మీద “ఫ్యామిలీస్ ఓన్లీ, వెజిటేరియన్స్ ఓన్లీ, బ్యాచిలర్స్‌కి ఇవ్వబడదు” అని ఉన్న సంగతీ వద్దు.

ఆర్నెల్లు గడిచాక ఏదో రోజు మెసేజ్ వస్తుంది. యూరప్‌లో ఓ వాన రాత్రి మిమ్మల్ని కారెక్కించుకుని ఇంటికి తీసుకెళ్లి సూపు పెట్టిన ఆవిడ ఒకరు, భర్తతో కలిసి హైదరాబాద్ వస్తోందట. రెండు రాత్రులు మీ ఇంట్లో ఉండొచ్చా అని అడుగుతోంది. కంగారు పడకండి. వెంటనే గుండె బొమ్మలు మూడు పెట్టండి. రెండు రోజులాగి విచారంగా జవాబివ్వండి. విదేశీయులకి ఇంట్లో బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో ప్రభుత్వానికి వివరాలు పంపాలని మా దేశంలో నియమం ఉంది, చాలా చిక్కులండీ అని రాయండి. నియమం నిజమే. ఆ ఫారం ఫోన్‌లోనే నింపి పంపొచ్చన్న సంగతి ఆవిడకి తెలిసే వీల్లేదు. కింద మీ ఇంటికి దగ్గర్లోని హోటల్ లింకు ఒకటి పెట్టండి, బ్రేక్‌ఫాస్ట్ కలిపి ఉన్నది చూసి.