మొహం చూసి మీట

ముఖం చూసి మనిషిని అంచనా వేయొద్దని పెద్దలంటారు. ఎన్నికల సంఘం మాత్రం 2025 బిహార్ ఎన్నికల నుంచి ఓటింగ్ యంత్రంపై అభ్యర్థి ఫొటోను రంగుల్లో వేయించి, అందులో ముప్పావు భాగం ముఖమే ఉండాలంది. ఒకే పేరున్నవాళ్లను పోటీకి దించి ఓటరును తికమకపెట్టే దేశంలో ఇది తప్పదన్నది వాదన. ఒప్పుకుందాం. గుర్తుపట్టడంతో సరిపెట్టుకుంటే గొడవ లేదు, ముఖం తీర్పు కూడా చెప్పేస్తుంది. ప్రిన్స్‌టన్‌లో అలెగ్జాండర్ టోడొరోవ్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన చూడండి: అమెరికా సెనేట్ అభ్యర్థుల ఫొటోలు మాత్రమే చూసి ఎక్కువమంది ‘సమర్థుడు’ అన్నవారే దాదాపు 70 శాతం పోటీల్లో గెలిచారు. 2009లో వెలువడిన మరో అధ్యయనంలో స్విట్జర్లాండ్ పిల్లలకు ఫ్రాన్స్ అభ్యర్థుల ఫొటోలు చూపి, మీ పడవకు కెప్టెన్‌గా ఎవరు కావాలని అడిగితే వాళ్లూ ఇంచుమించు అంతే సరిగ్గా గెలిచినవారిని పట్టేశారు. ఓటు హక్కు వయసు తగ్గించినా నష్టం లేదన్నమాట!

మన దగ్గర ఓటు పార్టీకి, కులానికి, నోటుకు పడుతుంది, ముఖానిదేముంది అంటారా? చాలావరకు నిజమే. మరి ఫ్లెక్సీలో డెబ్భై ఏళ్ల నాయకుడికి నలభై ఏళ్ల బుగ్గలు, నిగనిగలాడే జుట్టు ఎవరికోసం? గిట్టుబాటు కానిదానికి రాజకీయులు రూపాయి తీయరు. కేసులు, ఆస్తులు, అప్పులు మాత్రం అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ మెరుగూ లేకుండా పడుంటాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉచితమే. మీట నొక్కేముందు ఆ ముఖమూ ఓసారి చూడండి.