ఒకటిన్నర శాతానికి ఇంత పెద్ద కేకా!

డిసెంబరు వస్తే మన నాయకులకు భక్తి పొంగుకొస్తుంది. అసలు పండగ 25న గానీ, సెమీ క్రిస్మస్‌లు నెల మొదట్లోనే మొదలు. ఆరింటికన్న సభకు ఎమ్మెల్యే గారు ఎనిమిదిన్నరకు దిగుతారు. అప్పటికే గొర్రెల కాపరుల వేషం కట్టిన పిల్లలు స్టేజీ వెనక తలగుడ్డలు పరుచుకుని నిద్రపోతుంటారు. ఆయన ప్రేమ, శాంతి, కరుణ అని మూడు మాటలూ, మొన్న వేయించిన సిమెంటు రోడ్డు గురించి ముప్ఫై మాటలూ మాట్లాడి కేకు కోస్తారు. పాస్టరు గారు ఆయన నెత్తిన చెయ్యి పెట్టి చేసే ప్రార్థన వింటుంటే, టికెట్లిచ్చేది అధిష్ఠానమా, పరలోకమా అని అనుమానమొస్తుంది. ఆ శిశువు ఎక్కడున్నాడో చెబితే నేనూ వచ్చి మొక్కుతానని హేరోదు రాజు అప్పట్లోనే అన్నాడు. మనవాళ్లు కనీసం కేకు పట్టుకొస్తున్నారు.

తెలంగాణలో సర్కారు వారే ఎల్బీ స్టేడియంలో విందు పెడతారు. ప్రభుత్వం మారినా విందు ఆగలేదు. ఆంధ్రాలో ఒకాయన క్రిస్మస్ కానుక సంచులు పంచితే, ఇంకొకాయన పాస్టర్లకు నెలకు 5 వేల గౌరవ వేతనం ఇచ్చాడు. జెరూసలేం యాత్రకు సాయం సరేసరి.

ఇంత మర్యాద ఎంతమందికయ్యా అని జనాభా లెక్కలు తిరగేస్తే కళ్లు తిరుగుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో క్రైస్తవులు 4 శాతం పైచిలుకు. 2011కి వచ్చేసరికి ఒకటిన్నర శాతం కూడా లేరు. ఈ నలభై ఏళ్లలో ఊరూరా చర్చిలు లేచాయి, మైకులు పెరిగాయి, స్వస్థత సభలకు మైదానాలు చాలడం లేదు. విశ్వాసులు మాత్రం కాగితం మీద కరిగిపోయారు. ఐదు రొట్టెలు ఐదు వేలమందికి సరిపోయిన అద్భుతం గలిలయలో జరిగితే, ఐదు వేలమంది ఐదుగురైపోయే అద్భుతం మన తహసీల్దారు ఆఫీసులో జరుగుతుంది.

కారణం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అంటే హిందువే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుడు బీసీ-సి, రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకని కులం సర్టిఫికెట్ కోసం వీఆర్వో విచారణకొస్తున్నాడని తెలియగానే గోడ మీది యేసు పటం మంచం కిందికి పోతుంది.

"ఏం మతం?"

"హిందువులమేనండి."

"పేరు?"

"జోసెఫ్ అండి."

"మరి వాకిట్లో ఆ స్టారేంటయ్యా?"

"పిల్లలు సరదాపడి కట్టారండి."

వీఆర్వో రాసుకుంటాడు. మొన్న అదే వాకిట్లో సెమీ క్రిస్మస్ బిర్యానీ తిన్నది ఆయనే.

చిత్రమేమంటే, బాప్తిస్మం నీళ్లకు దళితుడి కులం ఒక్కటే కరుగుతుంది. గుంటూరు వైపు రోమన్ క్యాథలిక్ రెడ్డి వరుడికి అదే కులపు వధువు కావాలని ప్రకటనలు దర్జాగా పడతాయి. చర్చి లోపల కులం బల్లెక్కి కూర్చుంటుంది. ప్రభుత్వానికి మాత్రం గుమ్మం దగ్గరే మాసిపోయినట్టు కనిపిస్తుంది. పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. చట్టం ప్రకారం అంతేనట. కులం పేరెత్తి తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి తిట్టడు.

రిజర్వుడు సీటు నాయకుడి అవస్థ చూడాలి. ఓసీ మంత్రి గారు మోకాళ్లూని ఫొటో దిగితే మతసామరస్యం. పక్కనే ఉన్న ఎస్సీ ఎమ్మెల్యే కళ్లు మూసుకుంటే చాలు, ప్రత్యర్థి ఆ ఫొటో పట్టుకుని కోర్టుకు పరిగెడతాడు. అందుకే పాపం ఆయన ప్రార్థనప్పుడు ఫోన్ వచ్చినట్టు బయటికెళ్లి, ఆమెన్ వినపడ్డాక లోపలికొస్తాడు.

దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. పంపడంలో ఖర్చు లేదు. ఢిల్లీ అప్పటికే, 2022లో, జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి రెండేళ్లలో తేల్చమంది. తర్వాత గడువు పొడిగించింది. ఈ లోపు డిసెంబర్లు వస్తూనే ఉన్నాయి, కేకులు తెగుతూనే ఉన్నాయి.

అన్నట్టు, క్రిస్మస్ కథ మొదలయ్యేదే జనాభా లెక్కలతో. చక్రవర్తి ఆజ్ఞ అయితేనే గదా, నిండు చూలాలిని వెంటబెట్టుకుని యోసేపు బేత్లెహేముకు పేరు రాయించుకోడానికి పోయాడు! ఆయన్ని కులం అడిగినవాడు లేడు. 2027 లెక్కల్లో మన జోసెఫ్‌ను మతమూ అడుగుతారు, కులమూ అడుగుతారు. రెండూ నిజం చెబితే కొడుకు సీటు గల్లంతవుతుందేమోనని అతని భయం. ఏం చెబుతాడోనని ఎమ్మెల్యే గారికి బెంగేమీ లేదు. పాస్టర్ల సంఘం ఇచ్చిన లిస్టు ఆయన జేబులోనే ఉంది, బూత్‌ల వారీగా, ఫోన్ నంబర్లతో సహా.